ఇంటిల్లిపాది మోయవలసిన బరువు

రెండేండ్ల కొకమారు మాఘ శుద్ధ పౌర్ణమికి మేడారము సమ్మక్క-సారలమ్మ జాతరకు తరలిపోవు జనులను చూచినవారు అది వీరమాతల పూజ యని మాత్రమే తలంతురు. కాని ఆ నాలుగు దినముల క్రమమును నిదానముగా పరికించినచో, విపత్తులో చెల్లాచెదరైన ఒక కుటుంబము మరల ఒక్కచోట చేరుటయే ఆ జాతరకు ప్రాణమని బోధపడును. మొదటి దినమున కన్నెపల్లి నుండి సారలమ్మయు, పూనుగొండ్ల నుండి పగిడిద్దరాజును, కొండాయి నుండి గోవిందరాజును గద్దెలకు వత్తురు. మరునాడు చిలుకలగుట్ట నుండి తల్లి సమ్మక్క దిగివచ్చును. మూడవనాడు ఆ ఇంటివారందరును ఒక్క ప్రాంగణమున మ్రొక్కులందుకొని, నాలుగవనాడు వనప్రవేశము చేయుదురు.

కోయ పెద్దలు చెప్పుకొను కథ ననుసరించి, పగిడిద్దరాజు కాకతీయులకు కప్పము కట్టు మేడారపు దొర. వానలు లేక పంటలు పండని కాలమున కప్పము చెల్లింపలేకపోగా ప్రతాపరుద్రుని సేన వచ్చిపడెను. సమ్మక్క భర్త పగిడిద్దరాజును, సారలమ్మ మొదలగు కూతుళ్లును, అల్లుడు గోవిందరాజును పోరున నేలకొరిగిరి. కొడుకు జంపన్న అసువులు బాసిన వాగునకు అతని పేరే నిలిచినది. గాయపడిన సమ్మక్క చిలుకలగుట్ట వైపు నడచి కనుమరుగయ్యెను. ఇంతటి దుఃఖమును ఆ జాతి గుండెలో దాచుకొని కుమిలిపోలేదు. తరతరములుగా పదిమందికి చెప్పుకొన్నది. నేడు తల్లికి నిలువెత్తు బంగారమని బెల్లము సమర్పించు ప్రతి కుటుంబమును తన ఇంటి వెతను ఆ గద్దె ముందట విప్పుకొనుచున్నది.

ఆకాశమును అప్పును ఏకమైన అట్టి ఆపదయే 1997-98లో ఓరుగల్లు జిల్లా పత్తిరైతుల ఇండ్లకు మరల వచ్చినది. అప్పుచేసి బోరులు వేయించినవారును, విత్తనములు, ఎరువులు, మందులు అమ్ము వర్తకుని యొద్దనే హెచ్చు వడ్డీకి అరువు తెచ్చినవారును, అకాలవర్షములకు లద్దెపురుగు తోడై చేతికందు పంట నశింపగా, ఎన్నిమారులు మందు కొట్టినను పురుగు చావకపోగా, దిక్కుతోచని స్థితిలో పడిరి. ఎందరో రైతులు ప్రాణములు తీసికొనిరి. వారిని పిరికివారనుట మహాపరాధము. ప్రకృతియు, విపణియు, ఋణవ్యవస్థయు కూడి తెచ్చిపెట్టిన బాధ అది. అయినను ఆ దుఃఖగాథలలో తరచు వినవచ్చిన మాట యొకటి మనస్సును కలచివేయును: అప్పు ఎంతయో రైతు ఇల్లాలికి అప్పులవారు గడప తొక్కిన పిమ్మటనే తెలిసినది.

ఇంటిపెద్ద తన కష్టమును దాచుట తరచు ప్రేమ వలననే జరుగును. తన దిగులు పిల్లల కంచములలో పడకూడదనియు, నలుగురిలో పరువు పోరాదనియు అతడు పెదవి బిగించును. మన బమ్మెర పోతన తెనిగించిన భాగవతములోని గజేంద్రుడును అట్టి పెద్దయే. మందకు నాథుడు, మహాబలుడు. మొసలికి చిక్కి చిరకాలము తన బలమునే నమ్మి పెనగెను. తన శక్తి యుడిగినదని నోరువిప్పి మొరపెట్టుకొన్నప్పుడు కదా శ్రీహరి పరుగున వచ్చినది! దేవుని యెదుట ఒప్పుకొనదగిన మాటను, దేవుడు తోడుగా ఇచ్చిన ఇల్లాలి యెదుట ఒప్పుకొనుటకు సంకోచమేల?

చెప్పువానికి ధైర్యము కావలసినట్లే వినువారికి ఓర్పు కావలెను. గీతా ప్రథమాధ్యాయమున అర్జునుడు గాండీవము జారవిడిచి, నోరెండి, వణకుచు తన శోకమును వెళ్లబోసికొనుచున్నంతసేపు పార్థసారథి నడుమ అడ్డుపడలేదు. ఆ శోకము పూర్తిగా పలికిన పిదపనే బోధ కుపక్రమించెను. మన ఇండ్లలోనో, మొదటి మాట బయటపడీపడకముందే ‘పత్తి వద్దంటే విన్నవా?’ అన్న నిష్ఠూరము ఎదురగును. తెరచిన నోరు మరల మూతపడును. సలహాకు సమయము తరువాత నున్నది. మొదట వినుటయే సేవ.

కావున సంధ్యాదీపము వెలిగించిన పిమ్మట ఇంటిల్లిపాదియు కొంతసేపు కలిసి కూర్చుండు నియమము ప్రతి గృహమునను ఉండదగినది. బాకీ ఎవరికెంతయో, ఏ ఖర్చు తగ్గింపవచ్చునో, ఏ శుభకార్యము సాదాగా జరుపవచ్చునో, ఏ బంధువును సాయమడుగవచ్చునో అక్కడ దాపరికము లేక మాటాడుకొనవలెను. పిల్లలకును వారి వయస్సునకు తగినంత చెప్పవలెను, ఏలయన చెప్పకున్నను వారు పెద్దల ముఖములు చదువుదురు. ఎవరి నోటనైన బ్రతుకుపై విరక్తి పలికినచో దానిని తేలికగా తీసికొనక, వారిని ఒంటరిగా విడువక, వైద్యుని యొద్దకు తోడ్కొనిపోవలెను. ఏ వేళనైనను ఉచితముగా పలుకు మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ సంఖ్య 14416ను ఇంటివారందరును ఎఱిగియుండవలెను. ప్రార్థన చేయువాడు వైద్యమును, సలహాను నిరాకరింపనక్కరలేదు. సహాయము ఏ రూపమున వచ్చినను అది దైవానుగ్రహమే.

మీ ఇంట ఎవరైన కొంతకాలముగా అన్నము సరిగా తినక, నిద్రలేక, మాట తగ్గించి యున్నచో, మరియొక దినమునకు వాయిదా వేయక నేడే దగ్గర కూర్చుండి, ‘ఏమైంది బిడ్డా, నాకు చెప్పు’ అని అడుగుడు. అడిగి, వారు చెప్పి ముగించువరకు వినుడు.