దేవుడి ఖాతాలో వేయకూడనివి

చిరంజీవి అమ్మడికి,

తాత ఆశీస్సులు. శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో జరిగిన సంఘటన తర్వాత నువ్వు దీపం పెట్టడం మానేశావని మీ అమ్మ బెంగపడుతోంది. 2025 నవంబరు 1, శనివారం, కార్తీక ఏకాదశి. కొత్తగా కట్టిన వెంకటేశ్వరస్వామి గుడికి జనం పోటెత్తారు. మెట్ల దగ్గర రెయిలింగు ఊడిపోయింది. ఒకరి మీద ఒకరు పడి తొమ్మిది మంది పోయారు, ఎక్కువ మంది ఆడవాళ్లే. మొక్కడానికి వచ్చినవాళ్లనే కాపాడలేని దేవుడు ఎందుకని నువ్వు అడిగావట. అలా అడగకూడదని ఇంట్లో ఎవరైనా కసిరితే ఆ మాట పట్టించుకోకు.

నీకన్నా చాలా ముందే ఈ ప్రశ్న వేసినవాళ్లున్నారు. లోకంలో ఇంత తేడా, ఇంత బాధ ఉంటే దేవుడు పక్షపాతి, దయలేనివాడు అనాలి కదా అన్న ఆక్షేపణను బాదరాయణుడు బ్రహ్మసూత్రాల్లోనే ఎత్తాడు. వాన అన్ని విత్తనాలకూ ఒకటే, మొలకల్లో తేడా విత్తనానిది, బతుకుల్లో తేడా ఎవరి కర్మను బట్టి వాళ్లది అని శంకరులు భాష్యంలో సమాధానం చెప్పారు. అక్కడితో తేలిపోలేదు. సృష్టి మొదట్లో కర్మే లేదు కదా, తేడా ఎక్కడిది అని మళ్లీ ప్రశ్న. సంసారానికి మొదలే లేదని జవాబు. పడమటి దేశాల్లోనూ ఇదే గుంజాటన. 1755లో సరిగ్గా నవంబరు 1నే, పండగ పూట చర్చీలు నిండి ఉండగా లిస్బన్ నగరంలో భూకంపం వచ్చింది. అంతా మంచికే అనే తత్వవేత్తల మీద వోల్టేర్ మండిపడుతూ పద్యం రాశాడు.

అయితే కాశీబుగ్గను లిస్బన్‌తో కలపకూడదు. భూమి కంపిస్తే మనిషి ఏం చేయగలడు? ఇక్కడ అలా కాదు. వచ్చే జనమెంత, దారులెన్ని, ఆ రెయిలింగు ఎంత బరువు ఆపుతుంది అన్నవి ముందే చూసుకోదగ్గ విషయాలు. చూడాల్సినవాళ్లు చూడకపోతే అది మనుషుల తప్పు. దాన్ని విధి అనేస్తే తప్పు చేసినవాడు తప్పుకుపోతాడు, వచ్చే ఏడు ఇంకో గుడిలో అదే జరుగుతుంది. భక్తి ఉన్నవాళ్లే ఈ మాట ముందుగా అనాలి.

అసలు కష్టమైన ప్రశ్న పలాస దాటాక ఉద్దానం ప్రాంతంలో ఉంది. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడి తోటల్లో ఒళ్లు వంచి బతికినవాళ్ల కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ తేలలేదు. చాలామందికి సుగరు లేదు, తాగుడు లేదు. నీళ్లన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో చాకిరీ అన్నారు. ఇదీ కారణమని ఒక్కటి ఖాయం కాలేదు. డయాలసిస్‌కి వెళ్లే కొబ్బరి రైతు చేతిని ఎప్పుడైనా చూశావా? సూదులు గుచ్చీ గుచ్చీ నరం తాడులా ఉబ్బి ఉంటుంది. ఒకసారి పడుకుంటే నాలుగు గంటలు, వారం తిరక్కుండానే మళ్లీ వెళ్లాలి. పొటాషియం ఎక్కువని తన చెట్టు కొబ్బరినీళ్లే తాగొద్దంటారు. మంచినీళ్లకూ లెక్కే.

అలాంటి మనిషి “ఏ జన్మల ఏటి పాపం సేసినానో” అంటే, అది ఆయన దుఃఖం. ఆ మాటే పక్కవాడు ఆయన్ని చూసి అంటే క్రూరత్వం. కర్మ సిద్ధాంతాన్ని ఎవరైనా తన జీవితానికి అన్వయించుకుని ధైర్యం తెచ్చుకుంటే తాతకు అభ్యంతరం లేదు. ఎదుటివాడి రోగానికి తీర్పుగా వాడటం మాత్రం సహించలేని విషయం. గాంధీగారంతటి మనిషే 1934 జనవరి 15 బిహారు భూకంపాన్ని అంటరానితనమనే పాపానికి శిక్ష అన్నారు. ఆయన్ని ఎంతో గౌరవించే టాగూరు బహిరంగంగా కాదన్నారు: ప్రకృతి ఉత్పాతాలకు ప్రకృతిలోనే కారణాలుంటాయని. గాంధీగారు ఆ ఖండనను తన ‘హరిజన్’ పత్రికలోనే అచ్చువేశారు, తన మాట మీద తాను నిలబడ్డారు. పాపమని ఆయన ఎత్తిచూపింది అంటరానితనాన్నే, అది నిజంగా పాపమే. కానీ ఆ శిథిలాల కింద పోయినవాళ్లలో అంటరానివాళ్లుగా బతికినవాళ్లూ ఉంటారు కదా? ఈ విషయంలో తాత టాగూరు పక్షం.

పాపఫలమని చేతులు ముడుచుకుని ఉంటే ఉద్దానానికి హిరమండలం రిజర్వాయరు నుంచి నీళ్లు వచ్చేవి కావు, పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచేవాళ్లూ కారు. రోగం ఇంకా ఉంది, పరిశోధన సాగాల్సిందే.

దీపం సంగతి నీ ఇష్టం. మీ అమ్మకు తాత నచ్చచెబుతాడు. నమ్మకం తిరిగొస్తే రానీ, రాకపోతే దాచుకోకు, నటించకు. సెలవులకు వచ్చినప్పుడు మాత్రం సోంపేట అత్తయ్యను డయాలసిస్‌కి తీసుకెళ్లే పని నువ్వు అందుకో. మీ మావయ్య కూలి మానుకుని వెళ్తున్నాడు. ఆసుపత్రి కాగితాలన్నీ ఒక సంచిలో సర్ది పెట్టు, ఆవిడకి ఏవెక్కడున్నాయో తెలియడం లేదు.

ఆశీస్సులతో,
తాత