తవర్జీ లెక్క ధర్మమైన వేళ

నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. ఆళ్లగడ్డ వైపు ఉయ్యాలవాడకు చెందిన నరసింహారెడ్డికి కుంఫిణీ, అంటే ఈస్టిండియా కంపెనీ, ఇచ్చిన తవర్జీ (పింఛను) అంతే. ఆయనకు రావలసిన వాటా ఎగ్గొడితే అది ఒక ఇంటి గోడు.

కానీ ఊళ్లకు కాపలా కాసే కట్టుబడుల మాన్యాలనూ సర్కారు లాక్కుంది. తాతలనాటి చేను పోయినవాడికి పక్కవాడి నష్టమూ తనదే. 1846లో వాళ్లు ఆయన వెంట కదిలింది అందుకే. సొంత గోడు నలుగురి గోడు అయినచోటే ధర్మప్రశ్న పుడుతుంది. కుంఫిణీ చట్టం దాన్ని తిరుగుబాటు అంది, ఆ సీమ రేనాడు న్యాయమంది.

1847 ఫిబ్రవరి 22న నరసింహారెడ్డిని కోవెలకుంట్లలో ఉరి తీశారు. ఆయన తలను 1877 దాకా అక్కడి కోట మీద వేలాడదీశారు. శిక్ష ప్రాణంతో తీరిపోవాలి. కళేబరానికి మట్టి దక్కనివ్వకపోవడం ఏ పల్లె దృష్టిలోనైనా పాపమే.

నేటి నంద్యాల జిల్లా పల్లెల్లో జానపద గాయకులు ఆ కథను తరతరాలుగా పాడుతూ వచ్చారు.