తుఫాను కోసం ఎదురుచూసే మనసు

ఒక మాట అడుగుతాను, జవాబు మీలో మీరే చెప్పుకోండి. వస్తుందన్న తుఫాను బలహీనపడిందని విన్నప్పుడు, లోలోపల ఎక్కడో కొంచెం చప్పగా అనిపించిందా ఎప్పుడైనా?

నాకు అనిపించింది, 2013లో. ఆ ఏడాది బంగాళాఖాతానికి తీరిక లేదు. అక్టోబర్ 12న పైలిన్ ఒడిశాలో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. నవంబర్ 22న హెలెన్ మచిలీపట్నం దగ్గర దాటింది. ఆ వెనకే లెహర్. అశోక్‌నగర్‌లో మూడో అంతస్తు గదిలో కూర్చుని ఉపగ్రహ చిత్రాలు చూసేవాణ్ణి, అరగంటకొకటి. అదొక పిచ్చి నాకు. మేఘాలు సుడి తిరుగుతూ మధ్యలో కన్ను తెరుచుకుంటుంటే ఆకలి కూడా తెలిసేది కాదు. లెహర్ అతి తీవ్ర తుఫానైంది. మచిలీపట్నం వైపే వస్తోందన్నారు. తీరా 28న తీరం చేరేసరికి వట్టి వాయుగుండం. "అయ్యో" అన్నాను, పైకే.

కాసేపటికి దివిసీమ నుంచి మా అక్క ఫోను. "తప్పిపోయిందిరా తమ్ముడూ! బడిలోంచి పిల్లల్ని తీసుకుని ఇంటికొచ్చేశాం." వాళ్ల అత్తగారు 1977 నవంబర్ 19 ఉప్పెన రాత్రి తాటిచెట్టు పట్టుకుని బతికిన మనిషి. ఆ ఉప్పెనలో పోయినవాళ్లు పదివేల దాకా ఉంటారు.

మీరనొచ్చు, "నువ్వేమన్నా తుఫానును పిలిచావా?" అని. లేదు. సముద్రం వేడెక్కాలి, పైగాలులు కలిసిరావాలి. లెహర్‌కు అవి కలిసిరాలేదు, పొడిగాలి తగిలింది, చచ్చిపోయింది. ఎవరి పూజా కాదు, ఎవరి పాపమూ కాదు. అన్ని బాధలూ పూర్వకర్మ ఫలమేనా అని సీవకుడు అడిగితే బుద్ధుడు కాదన్నాడు, ఋతువుల మార్పును వేరే కారణంగా లెక్కపెట్టాడు. బాబాసాహెబ్ కూడా ఋతు నియమం వేరు, కమ్మ నియమం వేరు అని చూపించారు. దివిసీమలో కొట్టుకుపోయినవాళ్లు ఏ జన్మ బాకీ తీర్చలేదు. కాకపోతే ఊరి చివర పల్లంలో గుడిసెలు ఎవరివి, ఎత్తు మీద మేడలు ఎవరివి? దాన్ని ఋతు నియమం ఖాతాలో వేయకండి.

మరి నా "అయ్యో" సంగతేంటి? కమ్మకు మూలం చేతన అన్నాడు కదా బుద్ధుడు. నా కోరిక తుఫానును అంగుళం కూడా కదపలేదు. నా చూపును మాత్రం కదిపింది. ఆ బొమ్మలో మా అక్క ఇల్లు లేదు, గమనించారా? అలాగని చూడటమే తప్పని కూడా అనలేను. 1999లో ఒడిశాలో దాదాపు పదివేల మంది పోయారు. పైలిన్‌కు యాభై మంది లోపే. ఎవరో కన్నార్పకుండా చూసి ముందే చెప్పారు కాబట్టే కదా, లక్షలమందిని తరలించగలిగారు! వాళ్లకూ ఆ సుడి అందంగానే కనిపించి ఉంటుంది.

2020 అక్టోబర్ 13న కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం మన హైదరాబాద్ మీదికొచ్చింది. రాడార్ చూస్తుంటే పాత హుషారే లేచింది, అబద్ధం చెప్పను. ఫోను జేబులో వేసుకుని హుస్సేన్‌సాగర్ నాలా పక్క బస్తీకి దిగాను. రేషన్ కార్డులు, పిల్లల సర్టిఫికెట్లు కవర్లో కట్టి పైన పెట్టమని ఇంటింటికీ చెప్పాను.

"నీకెట్ల ఎరుక బిడ్డా?" అని ఒక ముసలమ్మ అడిగింది. ఫోనులో ఎర్రటి మచ్చ చూపించాను. కళ్లు చికిలించి కాసేపు చూసింది.

"చూడనీకి మంచిగనే ఉంది" అని, గ్యాస్ సిలిండర్ మంచం మీదికి ఎక్కించమని కోడలిని కేకేసింది.