పిలవని వాళ్లకు మొదటి దరువు

అరకు చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా పెళ్లి ఎక్కడని అడిగితే పిల్లలు చెప్పే గుర్తు ఒకటే: "అదిగో, డీజే వచ్చింది." వచ్చాడు అనరు, వచ్చింది అంటారు. తెలుగునాట డీజే అంటే బొలెరో వెనక పేర్చిన నల్ల పెట్టెలు, వాటి మీద గిర్రున తిరిగే లైట్లు, పక్కన డొక్కు జనరేటర్, అన్నీ కలిపి. పాట వేసే కుర్రాడు ఆ పెట్టెల చాటున, ల్యాప్‌టాప్ వెలుగు పడిన సగం ముఖంతో ఎక్కడో ఉంటాడు. మేళం కూడా "వచ్చింది" అనేగా అంటారని ఎవరైనా అడ్డు తగలొచ్చు. నిజమే. కానీ మేళంలో సన్నాయి ఊదే ఆయన ఎవరో, ఏ ఊరాయనో పెళ్లివారికి తెలుసు. డీజేలో తెలిసేది బాక్సులెన్ని అన్నదే.

ఆ బాక్సులు పైకి చేరడమే ఒక పని. అనంతగిరి ఘాట్ ఎక్కి, తారురోడ్డు వదిలి, మట్టిదారిలో కుదుపులు తిని వచ్చాక ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెడతారు. వూఫర్లు కింద, చిన్న స్పీకర్లు పైన. వైర్లు కలిపాక కుర్రాడు వంగి పెట్టెకు చెవి ఆనిస్తాడు, గుర్రుమనే శబ్దం ఉందేమోనని. తర్వాత మైకు మీద వేలితో రెండు తట్లు, "హలో... చెక్... వన్, టూ." ఇంతవరకు ఊరివాళ్లు పెద్దగా పట్టించుకోరు. అప్పుడు బేస్ ఒక్కసారి దిగుతుంది. మాట లేదు, పాట లేదు. ఛాతీలో దడ, రేకుల కప్పు మీద గలగల, కుక్కలు ఒక్క పరుగు. ఆ వెనక సైరన్ కూత, ఆపైన ముందే రికార్డు చేయించుకున్న బొంగురు గొంతు డీజే పేరూ ఊరూ గట్టిగా చెబుతుంది. గణపతి పాటో, దేవీ పాటో, క్రైస్తవుల ఇల్లయితే పాస్టరుగారి ప్రార్థన తర్వాత ఒక ఆరాధన గీతమో, ఏదైనా ఆ తర్వాతే. "వచ్చిన బంధుమిత్రులకు స్వాగతం సుస్వాగతం" అనేది ఇంకా తర్వాత.

మరి ఆ మొదటి మాటలేని మోత ఎవరికోసం? చుట్టాలకైతే "రండి" అనాలి. దేవుడికైతే పేరు పెట్టి పిలవాలి. అది రెండూ చేయదు. మర్యాద తెలియని రభస అని పెద్దవాళ్లు కొట్టిపారేస్తారు. కానీ ఈ ప్రశ్న డీజేలు పుట్టడానికి చాలా ముందు, భరతుడి నాట్యశాస్త్రంలోనే ఉంది. అక్కడ దొరికే జవాబు కొంచెం ఆశ్చర్యం కలిగిస్తుంది.

నాట్యశాస్త్రం అయిదో అధ్యాయం మొత్తం పూర్వరంగం గురించే. నాటకం మొదలయ్యే ముందు జరగాల్సినవి పంతొమ్మిది అంగాలు. వాటిలో మొదటి తొమ్మిది తెర వెనకే జరిగిపోతాయి. వాద్యాలను వరసగా అమర్చడం ప్రత్యాహారం. గాయకులు కూర్చోవడం అవతరణం. తర్వాత గొంతు సవరించుకోవడం, వాద్యాలు సరిచూసుకోవడం, తీగలు బిగించడం, మద్దెల మీద చేతులు ఆడించి చూసుకోవడం. చదువుతుంటే నవ్వొస్తుంది, ఇది అచ్చంగా మైక్ టెస్టింగే. తేడా ఏమిటంటే, భరతుడు దాన్ని ఏర్పాటు పని అని పక్కన పెట్టలేదు. పూజలో భాగం చేశాడు.

ఆ తెర వెనక సంగీతానికి ఒక కథ కూడా ఉంది. నారదుడూ గంధర్వులూ మాటల్లేని వాద్యగీతం వాయించారట. దాని పేరు నిర్గీతం. విన్న దైత్యులూ రాక్షసులూ మురిసిపోయారు, మాకిది చాలు అన్నారు. దేవతలకు మంట పుట్టింది. వాళ్లు మెచ్చింది మనకెందుకు, ఆపించెయ్ అని నారదుడి మీదికి వచ్చారు. నారదుడు ఆపలేదు. దేవతల గౌరవం కోసం పేరు మార్చి బహిర్గీతం అన్నాడు, వాయింపు మాత్రం అలాగే ఉంచాడు. అది విన్నంతసేపూ దైత్యులు తృప్తిగా ఉంటారు, ఆటకు అడ్డం రారు.

వాళ్లు అడ్డం వచ్చిన అనుభవం అప్పటికే ఉంది. మొదటి అధ్యాయంలో, ఇంద్రధ్వజ ఉత్సవంలో తొలి నాటకం ఆడుతుంటే, అందులో తమ ఓటమినే చూపిస్తున్నారని రాక్షసులకు కోపం వచ్చి నటుల మాటలూ కదలికలూ స్తంభింపజేశారు. ఇంద్రుడు ధ్వజస్తంభం పెరికి వాళ్లను చితగ్గొట్టాడు, ఆ కర్రే జర్జరం. దెబ్బలతో పని అయిపోలేదు. చివరికి బ్రహ్మ వాళ్లను కూర్చోబెట్టి, ఈ నాట్యం మీకూ దేవతలకూ ఇద్దరికీ చెందిందే అని నచ్చజెప్పాల్సి వచ్చింది. పేరంటానికి పిలవకపోతే ఏమవుతుందో స్వర్గంలో కూడా తెలిసొచ్చిందన్నమాట. అప్పటినుంచి సభలో మొదటి శబ్దం పిలుపు అందని వాళ్ల కోసం. పిలిచిన వాళ్లు ఎలాగూ వస్తారు.

ఈ శాస్త్రం ఏదీ చదవకుండానే కొండల్లో ఇదే క్రమం ఉంది. విశాఖ ఏజెన్సీలో, అంటే 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో, ఊరి దేవతలు గుళ్లలో కంటే రాళ్లలో, చెట్ల నీడల్లో ఎక్కువ. నిశాని దేవత, జాకరి దేవత, శంకు దేవుడు. మంచి రోజు చూసేవాడు దిశారి. ఒంటి మీదికి వచ్చినవాటితో మాట్లాడి వదిలించేవాడు గురుమాయి. ఊరికి కబురు చెప్పేవాడు బారికి. వీధి వీధీ తిరిగి ఫలానా రోజు పండుగ అని కేకవేసే బారికిని ఇప్పటి మైకు కుర్రాడికి తాత అనుకోవచ్చు. అయితే బారికి తన పేరు చెప్పుకోడు. ఊరి మాట చెప్పి వెళ్తాడు.

ఇక్కడి గిరిజనుల గుంపు ఆట ఢింసాలో రకాలున్నాయని యాత్రికులకు సాధారణంగా తెలియదు. గుండేరి, గొడ్డి బేట, పొతర్ తోల, బాగ్, కుండ, బాయ... ఒకదాంట్లో ఆకులు ఏరడం, ఇంకోదాంట్లో వంగి రాళ్లు ఏరడం, మరోదాంట్లో పులి బారినుంచి తప్పించుకోవడం. వీటన్నిటిలో బోడ ఢింసా గ్రామదేవత పేరిట ఆడే పూజ ఢింసా. కుడివైపు మగవాళ్లు, ఎడమవైపు ఆడవాళ్లు రెండు వరసలు కడతారు. కుడి వరసలో మొదటివాడు నెమలీకల కట్ట పట్టుకుని దారి తీస్తాడు, ఎడమ వరసలో చివరామె కలుస్తుంది. అందెల చప్పుడుకు వరస పాములా మెలికలు తిరిగి, గుండ్రంగా వచ్చి, కేకలతో వెనక్కి మళ్లుతుంది. ఇక్కడ మొదటి చూపరి అమ్మవారు.

వాద్యం సిద్ధం కావడం కూడా దగ్గరగా చూడాల్సిన పనే. సాయంత్రం తేమకు తోలు మెత్తబడుతుంది. డప్పు వాయించే మనిషి ఎండుగడ్డి కుప్ప అంటించి, వాద్యాన్ని మంటకు జానెడు దూరంలో పట్టి మెల్లగా తిప్పుతాడు. మరీ దగ్గరైతే తోలు చిట్లుతుంది, దూరమైతే పలకదు. మధ్యమధ్య చూపుడువేలితో కొట్టి చూస్తాడు. ముందు 'డబ్' అంటుంది, కాసేపటికి 'ఢాం' అంటుంది. అప్పుడు మంట వదిలి లేస్తాడు. తుడుము, మోరి, కిరిడి, జోడుకొమ్ములు అతనితో కలుస్తాయి. అప్పటిదాకా చుట్టూ చేరిన వాళ్లు మంటలో చేతులు కాచుకుంటూ ఉంటారు, అదే వాళ్ల కూడిక. సంబరం ఎప్పుడు మొదలైందని అడిగితే గడ్డి అంటించినప్పుడా, తోలు పలికినప్పుడా, చెప్పడం కష్టం.

అతిథికి ఏం చేస్తారు? పండుగ రోజుల్లో ఒక ఊరివాళ్లు మరో ఊరికి వెళ్లి కలిసి ఆడి, కలిసి తినే ఆనవాయితీ ఉంది, దానికి సంకిడి కేల్బార్ అని పేరు. అక్కడ స్వాగతవచనాలు ఉండవు. ఢింసా వరసలో ప్రతి మనిషీ పక్కవాళ్ల వీపు వెనకనుంచి చేయి పోనిచ్చి, అవతలి చేతిని పట్టుకుంటుంది. వచ్చిన మనిషి కోసం ఆ పట్టు ఒకచోట విడిపోతుంది, ఆమె అందులోకి జొరబడుతుంది, పట్టు మళ్లీ బిగుస్తుంది. అంతే స్వాగతం. కొత్తవలస-కిరండూల్ లైన్లో 2017లో అద్దాల రైలుపెట్టె వచ్చాక మరింతగా తరలివచ్చే యాత్రికులకు రిసార్టుల్లో, మంట పక్కన, ఇదే జరుగుతుంది. అడుగు రాక తడబడే నగరం మనిషిని రెండువైపుల చేతులూ మోసుకుపోతాయి. డబ్బిచ్చి చూసే ఆట కదా అని పెదవి విరవడం తేలిక. ఆ రెండు చేతుల పట్టు మాత్రం నటన కాదు, లేకపోతే వరస తెగుతుంది.

అతిథిని దేవుడిగా చూడాలన్న తైత్తిరీయోపనిషత్తు మాట ఇప్పుడు హోటళ్ల గోడల మీద కూడా కనిపిస్తుంది. ఆ మాట వెనకున్న భయం కనబడాలంటే కఠోపనిషత్తు తీయాలి. నచికేతుడు యముడి ఇంటికి వెళ్తే ఇంటాయన లేడు. కుర్రాడు మూడు రాత్రులు తిండి లేకుండా గుమ్మంలో ఉన్నాడు. తిరిగొచ్చిన యముడు, ప్రాణాలు తీయడమే వృత్తి అయినవాడు, కంగారుపడ్డాడు. ఒక్కో రాత్రికి ఒక్కో వరం, మొత్తం మూడు ఇచ్చి తప్పు దిద్దుకున్నాడు. స్వాగతం ఆలస్యమైతే మృత్యువే బాకీ పడుతుంది.

కొండల్లో ఈ బాకీ చిత్రంగా తలకిందులవుతుంది. చైత్రంలో ఇటుకల పండుగకు మగవాళ్లు వేటకు వెళ్తే, ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా కర్ర పెట్టి వాహనాలు ఆపుతారు, పాడతారు, ఆడతారు, డబ్బులడుగుతారు. తెలియని డ్రైవరు దీన్ని దారిదోపిడీ అనుకుంటాడు. ఊరి పొలిమేర దాటేవాడు పండుగ పక్కనుంచి ఊరికే జారిపోకూడదు, చిల్లరైనా ఇచ్చి అందులో చేరాలన్నట్టు ఉంటుంది ఆ ఆట. పిలవకుండానే వచ్చినవాణ్ణి పట్టుకుని చుట్టాన్ని చేసుకుంటారు.

డీజే సంగతికి వస్తే, హిప్‌హాప్ డీజే కళ పుట్టిందని చెప్పే చోట కూడా స్వాగతం చాలా దగ్గరి వ్యవహారం. 1973 ఆగస్టు 11న న్యూయార్కులోని బ్రాంక్స్‌లో, సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నంబరు భవనంలో, సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి స్కూలు బట్టల ఖర్చు కోసం పార్టీ పెట్టింది. ఆమె అన్న, జమైకాలో పుట్టిన కూల్ హెర్క్ రికార్డులు వేశాడు. ఆడపిల్లలకు పావు డాలరు, మగపిల్లలకు అర డాలరు టికెట్టు. హెర్క్ పక్కన మైకు పట్టిన కోక్ లా రాక్ చేసిన పని వచ్చిన స్నేహితుల పేర్లు పిలవడం. ర్యాప్ అక్కడ మొలకెత్తిందంటారు. ఇది తెలుగువాళ్లకు వింతేం కాదు. పెళ్లిలో చదివింపులు ఇదే కదా: ఫలానా ఊరు, ఫలానావారు, ఇన్ని రూపాయలు, అని మైకులో పిలిస్తే ఆ మనిషి నిలువెత్తు పొంగుతాడు. పేరు వినబడ్డాకే తను వచ్చినట్టు. మన డీజే వచ్చినవాళ్ల పేర్లు వదిలేసి తన పేరు వినిపించడం మొదలుపెట్టాడు, తొందర తొందరగా, పదినిమిషాలకోసారి.

పిలవని వాళ్ల విషయంలో ఇప్పుడు మాట్లాడేది చట్టం. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్ కూడదు. ఏడాదిలో 15 రోజులకు మించకుండా, పండుగలకు అర్ధరాత్రి వరకు ప్రభుత్వాలు సడలింపు ఇవ్వొచ్చు. అదే సంవత్సరం, చెన్నైలోని ఒక చర్చి కేసులో, ఇతరుల ప్రశాంతతను చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పలేదని సుప్రీంకోర్టు తేల్చింది. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. చంటిపిల్ల, గుండెజబ్బు మనిషి, పొద్దున పరీక్ష ఉన్న కుర్రాడు, వీళ్లంతా పెళ్లికి పిలవని వాళ్లే, అయినా విని తీరాల్సిన వాళ్లు. భరతుడి లెక్కలో మొదటి దరువు ఇలాంటి వాళ్లను శాంతింపజేయాలి. బేస్ ఒక్కసారి దిగినప్పుడు జరిగేది సరిగ్గా దానికి ఎదురు. నిర్గీతం రూపం మిగిలింది, అది ఎవరికో మరిచిపోయారు.

అందుకని డీజే పోయి డప్పు తిరిగి రావాలని కోరడం కూడా నిజాయితీ అనిపించుకోదు. ఆ కుర్రాళ్లలో చాలామంది కొండ కుర్రాళ్లే. అప్పుచేసి పెట్టెలు కొన్నవాళ్లున్నారు. కోరాపుట్ వైపు దేశియా పాటలూ ఢింసా దరువులూ రీమిక్స్ చేసి వేస్తే ముసలమ్మలు కూడా లేస్తున్నారు. పెట్టెల ముందు అందరూ ఒకే దిక్కుకు, లైట్లవైపు తిరిగి, ఎవరికి వారు గెంతుతుంటారు. ఢింసా దరువు పడ్డప్పుడు ఆ గుంపు తనంతట తనే వంపు తిరుగుతుంది, చేతులు వీపుల వెనక్కి వెళ్తాయి, వీపులు పెట్టెలవైపు పడతాయి.

రెండూ పెట్టుకునే ఇళ్లూ ఉన్నాయి. అలాంటి చోట ఊరేగింపు కదిలే వేళకు జనరేటర్ సిద్ధం, పెట్టెలు సిద్ధం, ల్యాప్‌టాప్‌లో పాట సిద్ధం. అమ్మవారి దగ్గర డప్పు మోగాకే డీజే వేయాలని పెద్దలు ముందే చెప్పి ఉంటారు. కుర్రాడు విసుక్కుంటూ మంట దగ్గరికి వస్తాడు. "ఇంకెంతసేపు తాతా?"

"మంచు పడింది కదరా," అంటాడు ముసలాయన తల ఎత్తకుండా, డప్పును ఇంకోవైపు తిప్పుతూ. కుర్రాడు మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులూ మంటకు చాపుతాడు.