కేశవుడి చేతులు, కార్బన్ గొలుసులు

ఆచమనంలో చెప్పే కేశవనామాలు 24. ఇరవైనాలుగే ఎందుకు? స్వామికి చేతులు నాలుగు, వాటిలో శంఖం, చక్రం, గద, పద్మం. ఏది ఏ చేతిలో ఉందన్న దాన్నిబట్టి ఒకరు కేశవుడు, ఒకరు నారాయణుడు, ఒకరు మాధవుడు. ఎంత తిప్పి పెట్టినా 24కి మించి రావు. 1150 నాటి లీలావతిలో భాస్కరాచార్యుడు ఈ లెక్కే ఇచ్చాడు. తర్లుపాడులో పదో తరగతి పిల్లలకు సాయంత్రం పూట సైన్సు చెప్పుకునే నాకు, కార్బన్ సమ్మేళనాల పాఠం రాగానే ఈ చేతులే గుర్తొస్తాయి.

అక్కడా ఇదే వ్యవహారం. రెండు కార్బన్లు, ఆరు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్. ఆక్సిజన్ గొలుసు చివర చేరితే ఇథనాల్, 78 డిగ్రీల దగ్గర మరిగే ద్రవం, సారాలోని మత్తు. అదే ఆక్సిజన్ రెండు కార్బన్ల నడుమ దూరితే మిథాక్సీమీథేన్, మామూలు వేడికే గ్యాసు. సరుకు ఒకటే, సర్దుబాటు వేరు.

కానీ మాధవుడంటే లక్ష్మీపతి అని తెలుస్తుంది గాని, ఏ చేతిలో ఏముందో తెలియదు. అది కంఠస్థం ఉండాల్సిందే. పైగా ఆ వరసల్లో పురాణానికీ పురాణానికీ పొంతన లేదు. అదే 2-మిథైల్ ప్రొపేన్-2-ఆల్ అనండి, మార్కాపురం పలక మీద బలపంతో పిల్లలు గీసేస్తారు: మూడు కార్బన్ల గొలుసు, నడిమిదానికి ఒక మిథైల్ కొమ్మ, దానికే ఓహెచ్. 1892లో జెనీవాలో రసాయనశాస్త్రవేత్తలు కూడి ఇలా పేర్లు పెట్టే పద్ధతికి పునాది వేశారు. మన తార్కికుల భాషలో ఇవి యౌగికాలు. వంటవాడంటే వంట చేసేవాడని మాటే చెబుతుంది. కుండ అన్న మాటను ఎంత విరిచినా కుండ కనబడదు, అది రూఢి.

ఒకరోజు పలక మీద బ్యుటనోయిక్ ఆమ్లం గీసి ఉంది. నాలుగు కార్బన్లు, కొసన ప్రమేయ సమూహం, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పాడైన వెన్న కంపు దీనిదే అన్నాను. "బొమ్మంతా పేర్లోనే ఉంది గదా సార్, మరి వాసన ఎందుకు లేదు?" అంది ఒకమ్మాయి.

పాత పేరు బ్యుటిరిక్ ఆమ్లం. అందులో బొమ్మ లేదు, వెన్న ఉంది. దీన్నే ఇథనాల్‌తో కలిపి ఎస్టర్ చేస్తే అనాసపండు వాసనొస్తుంది. ఆ సంగతి కొత్త పేరులో ఎక్కడా ఉండదు.

నామరూపాలు వట్టి మాయ అనేవాళ్లతో నాకు పేచీ. 78 డిగ్రీలకు మరిగేదాన్ని గ్యాసుగా మార్చింది రూపమే కదా! కాకపోతే ఆ రూపాన్ని పేరు ఎంత కచ్చితంగా పట్టినా, గుణం ముక్కుకే తెలియాలి. జెనీవావాళ్లకు వస్తువుకొక్క పేరు చాలు, తికమక లేకుండా ఉంటే అదే పదివేలు. సహస్రనామం చదివేవాళ్ల పని గుర్తుపట్టడం కాదు. వాళ్లు గుణాలు చెప్పుకుంటారు, అందుకే వెయ్యి దాకా పోతారు. ఆ అమ్మాయి అడిగింది రెండో రకం పేరు. అలాంటిది మా సిలబస్‌లో లేదు.