మూలకము, సమ్మేళనము, శుద్ధి

నీరు మూలకము గాదు, సమ్మేళనమని తరగతిలో బోధించుచుండగా నొక విద్యార్థి లేచి, "రెండు కలిసిన నీరు శుద్ధపదార్థ మెట్లగును, మాస్టరుగారూ?" అని యడిగెను. ప్రశ్న రసాయనశాస్త్రమునకు సంబంధించినదే. కాని కలయిక యనగానే మైల యని తలచు అలవాటు మన యిండ్లలోనిది.

మూలకమును రసాయనక్రియచే నింకను సరళపదార్థములుగా విడదీయ వీలుకాదు. రెండుగాని యంతకెక్కువగాని మూలకములు నియతమైన పాళ్లలో గూడి యేర్పడినది సమ్మేళనము. 9 గ్రాముల నీటిని విడదీసినచో సుమారు 1 గ్రాము ఉదజనియు, 8 గ్రాముల ఆమ్లజనియు లభించును. ఉదజని తాను మండును. ఆమ్లజని మంటను పెంచును. వాని కలయికచే బుట్టిన నీరు మంట నార్పును.

ఇక శుద్ధి మాట. బంగారము మూలకమే, రాగి కలిసినచో నది శుద్ధము గాదు. నీరు సమ్మేళనమే, పరపదార్థము లేనిచో నది శుద్ధము. కావున ఏకత్వము వేఱు, శుద్ధి వేఱు. ఏది మూలకమో నిర్ణయించుటయు సులభము గాదు. పూర్వులు పంచభూతములలో నొకటిగా నెంచిన నీరు మూలకము గాదని 1783లో లవోయిజియే ప్రకటించెను. ఆయనయే 1789 నాటి తన మూలకముల పట్టికలో సున్నమును జేర్చెను. 1808లో డేవీ సున్నమునుండి కాల్షియమును వేఱుచేసెను.

ప్రకృతిలోని దృష్టాంతము నీతికి నిరూపణము గాదని మే మెఱుగుదుము. మూలకములలో క్లోరిను వంటి విషములు గలవు. సమ్మేళనములలోను విషములు గలవు. కావున కలయికయే శ్రేష్ఠమని మేము వాదింపము. పదార్థము మేలుకీళ్లు దాని గుణమును బట్టి తెలియును గాని, అది యొంటిదా, కూడినదా యనుటను బట్టి తెలియవని మాత్రమే మా మాట.

మా బాల్యమున బావియొద్ద నొక పిల్ల చేయి తగిలెనని నిండుబిందెను పారబోయుట చూచితిమి. ఆ చేయి మురికిగా నున్నదా యని యెవ్వరును చూడలేదు. ఆ పిల్ల యెవరి బిడ్డ యనియే చూచిరి. ఆమె తలవంచుకొని వెడలిపోయెను. మేము నోరెత్తలేదు. బిందెలోని నీటి పాళ్లు మాత్రము మారలేదు, ఒకటికి ఎనిమిదియే.

నేడు ప్రశ్న యడిగిన బాలుడు రేపు తన యింట నట్టి బిందెను చూచి మరల ప్రశ్నింపవచ్చును. అప్పుడు పెద్దలు వానిని గద్దింపక, బిందెను దింపి, సమాధానము చెప్పుదురు గాక.