కుండలో ఉప్పు ఎవరిది?



ఇక్కడ గాంధీపురములో గాని, అక్కడ మదురైలో గాని, మన తెలుగు ఇండ్లలో బి.పి. మాట వినబడని ఇల్లు ఇప్పుడు అరుదు. బుధవారపు కూడికలో ప్రార్థన అంశములు చెప్పమంటే షుగరు, బి.పి. కవల పిల్లల వలె జంటగా వస్తాయి. పెద్దలుగా మేము ఇండ్లకు వెళ్లి ప్రార్థించి, డాక్టరుగారు ఏమన్నారని అడుగుతాము. "ఉప్పు తగ్గించమన్నారండి. ఇక నోరు కట్టుకోవాలి" అంటారు. ఈ "నోరు కట్టుకోవడము" అనే మాటను గూర్చి కొంచెము ఆలోచించవలెనని తోచింది. జబ్బు ఒకరిది, నోరు ఒకరిది, నిగ్రహము ఒకరిది, తప్పిపోతే తప్పు కూడ ఆ ఒక్కరిదే అని మనము అనుకొంటున్నాము. ఇది న్యాయమేనా?

మేము వైద్యులము కాము, బడిపంతుళ్లము. కాబట్టి ముందు లెక్క చెప్పుతాము. పెద్దవారికి రోజుకు 5 గ్రాములకు తక్కువ ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అది తలకొట్టిన ఒక టీ చెంచాడు. మన దేశములో జరిగిన కొలతలలో మనిషికి సగటున 8 నుండి 11 గ్రాముల వరకు తేలింది. నలుగురున్న ఇంట్లో మనిషికి 5 గ్రాముల చొప్పున రోజుకు 20 గ్రాములు. అంటే కిలో ఉప్పు ప్యాకెట్టు 50 రోజులు రావాలి. విప్పిన తేదీని ప్యాకెట్టు మీదనే పెన్నుతో వ్రాసి పెట్టి చూడండి. 25 రోజులకే అడుగు కనబడితే మనిషికి 10 గ్రాములు పోతున్నదన్నమాట. కూరగాయలు కడిగిన ఉప్పునీళ్లు కొంత తీసివేసినా లెక్క పెద్దగా మారదు. ఆవకాయ, అప్పడము, ఎండు చేప, బేకరీలో సాయంకాలము కొనే పఫ్, మిక్చరు ఇందులో చేరలేదు. వాటి ఉప్పు వేరే వాకిట నుండి ఇంట్లోకి వస్తుంది.

ఉప్పు ఎక్కువైతే శరీరము నీటిని పట్టి ఉంచుతుంది, రక్తనాళములలో ఒత్తిడి పెరుగుతుంది. నొప్పి లేదు, జ్వరము లేదు. 140/90 దాటి ఏండ్లు గడిచినా మనిషి మామూలుగానే తిరుగుతాడు. ఒక ఉదయము చేయి లేవదు, మాట రాదు. ఇది పట్టణపు ధనవంతుల జబ్బు అని ఒకప్పుడు అనేవారు. 2003, 2004 సంవత్సరములలో ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో మరణములకు కారణములు విచారించి చూడగా, సుమారు మూడవ వంతు గుండెకు, రక్తనాళములకు సంబంధించిన జబ్బుల వలననే అని తేలింది. పొలము పనిచేసేవారు కూడ అందులో ఉన్నారు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాము. పాశ్చాత్య దేశములలో ఉప్పు చాలమట్టుకు ఫ్యాక్టరీలో తయారైన ఆహారములో నుండి వస్తుంది. మన దేశములో ఎక్కువ భాగము ఇంట్లో పొయ్యి దగ్గర చేతితో వేసినదే. అన్నములో సహజముగా ఉన్న ఉప్పు దాదాపు లేనట్టే. అన్నము మీద పడే పప్పు, పులుసు, పచ్చడితోనే ఉప్పు వస్తుంది. బి.పి. ఉన్న మనిషి పళ్లెము ముందు కూర్చునే సమయానికి ఆ పని అయిపోయింది. పళ్లెములో ఉప్పు చల్లుకోవచ్చును గాని, ఉడికిన పప్పులో నుండి ఉప్పును ఏ నిగ్రహము తీసివేయగలదు? కాబట్టి నోరు కట్టుకొమ్మని మనము చేసే బోధ చాల ఆలస్యముగా మొదలవుతున్నది. పళ్లెము ఒకరిది కావచ్చును, కుండ అందరిది.

దీనికి చాల ఇండ్లలో కనుగొన్న ఉపాయము వేరే గిన్నె. "నాన్నగారికి చప్పిడి కూర వేరుగా తీసిపెట్టాను." అది ప్రేమతో చేసే పనియే, కాదనము. కాని వేరే గిన్నె, వేరే గ్లాసు అంటే ఏమిటో మన తాతలకు బాగా తెలుసు. ఏ హోటలు ముందు ఏ గ్లాసు తమకొరకు విడిగా పెట్టేవారో వారు మరచిపోలేదు. అందరూ ఒకే బల్ల దగ్గర, ఒకే రొట్టె విరుచుకొని కూర్చోవచ్చుననేది వారికి సువార్తలో చిన్న భాగము కాదు. జబ్బు కొరకు పెట్టిన గిన్నెకు, అవమానము కొరకు పెట్టిన గ్లాసుకు పోలిక లేదని మాకు తెలుసు. అయినా ఇంటి పెద్ద ఒక్కడే మూలన చప్పిడి కూడు తింటూ, మిగిలినవారు గోంగూర పచ్చడి కలుపుకొంటూ ఉంటే, ఆ గిన్నె ఎన్ని నెలలు నిలుస్తుంది? మేము చూచినంతవరకు మూడు వారములు. తరువాత ఆయనే చేయి చాచి "ఇటు తెండి" అంటాడు.

పోనీ, వండే అమ్మ సంగతి ఏమిటి? అయ్యకు బి.పి. వస్తే అమ్మ వంట మారుస్తుంది. అమ్మకు వస్తే ఎవరు మారుస్తారు? ఉప్పు చాలలేదని కొడుకు పళ్లెము తోస్తే ఆమె మరల ఉప్పు డబ్బా తీస్తుంది. అసలు ఆమెకు బి.పి. ఉన్నదో లేదో చూచినవారే లేరు. ఆసుపత్రికి అయ్య వెంట సంచి మోసుకొని వెళ్లినప్పుడు, నర్సమ్మను అడిగి ఆమె చేతికి కూడ ఆ పట్టీ చుట్టించడానికి పట్టే సమయము రెండు నిమిషములు.

ఇక్కడ ఒక ఆక్షేపణ ఉన్నది, అది తోసివేయదగినది కాదు. ఒకరి జబ్బు కొరకు ఆరోగ్యవంతుల రుచిని బలవంతముగా తీసివేయడానికి మనకు ఏమి అధికారము? ఏ మహాత్ముని పేర మన గాంధీపురము ఉన్నదో, ఆయన ఇంట్లోనే ఈ ప్రశ్న వచ్చింది. దక్షిణ ఆఫ్రికాలో ఉన్న కాలములో కస్తూరిబాగారికి రక్తస్రావము తగ్గలేదు. ఉప్పు, పప్పులు మానివేయమని గాంధీగారు ఎంతో బ్రతిమాలారు. ఆమె వినలేదు. మీకు చెప్పితే మీరు మాత్రము మానగలరా అన్నారు. ఆ మాటతో ఆయన అప్పటికప్పుడే తానే ఒక సంవత్సరము రెండూ మానివేస్తున్నానని వ్రతము పట్టారు. ఆమె అదిరిపడి, నేను మానివేస్తాను, మీరు మాత్రము వద్దని వేడుకొన్నారు. ఆయన వెనుకకు తీసుకోలేదు, ఆమె ఏడ్చారు. ఆత్మకథలో ఆయనే వ్రాసుకొన్న సంగతి ఇది. ఆమె కోలుకొన్నారు గాని, అది ఆ పథ్యము వలననే అని ఆయన ఖండితముగా చెప్పలేదు.

ఈ కథలో మాకు రెండు ముఖములు కనబడుచున్నవి. ఆయన చెప్పడము ఆపి తాను మోయడము మొదలుపెట్టగానే ఆమె కదిలారు. ఆ భాగము గొప్పది. ఆమె కన్నీళ్ల భాగము మాకు అంతగా నచ్చలేదు. ప్రేమతో వేసినదైనా అది పట్టు, భార్యకు వేరే దారి లేకుండ చేసినది. (ఇదే మనిషి 1930లో ఉప్పు కొరకు దండి వరకు నడిచారు. తరువాతి కాలములో ఆయనకే రక్తపోటు ఉండేది.) మా తీర్మానము ఇది: ఆరోగ్యవంతుడు తనంతట తాను విడిచిపెడితే అది ధర్మము, రోగి మీదనో వండే స్త్రీ మీదనో మోపితే కాదు.

పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 8వ అధ్యాయములో ఇదే తీరున వాదిస్తున్నాడు. తినడానికి తనకున్న స్వేచ్ఛను ఆయన కాదనలేదు, సహోదరుని నిమిత్తము దానిని వాడుకొనను అన్నాడు. అక్కడ ప్రస్తావన మనస్సాక్షిని గూర్చి గాని రక్తనాళములను గూర్చి కాదని మన కాపరులు అనవచ్చును. నిజమే. కాని మనస్సాక్షి బలహీనుని కొరకు మాంసమే విడువగలిగినవాడు, దేహము బలహీనుని కొరకు చిటికెడు ఉప్పు విడువడా? అలాగే దానియేలు శాకాహారమును బి.పి. మందుగా బోధించేవారు ఉన్నారు. దానియేలు ఆరోగ్యము కొరకు కాదు, అపవిత్రత వద్దని అడిగాడు. కాని ఒకటి గమనించండి. ఆ బల్ల దగ్గర అతడు ఒంటరిగా లేడు, నలుగురు కలిసి తిన్నారు.

ఇక ఆవకాయ. ఒంగోలు నుండో నెల్లూరు నుండో చుట్టాలు వచ్చినప్పుడు జాడీ లేకుండ రారు. "అన్నయ్యగారూ, మా చేతి ఆవకాయ, ఒక్క ముద్దలో కలుపుకోండి, ఒక్కనాటికి ఏమీ కాదు" అంటుంది చెల్లెలు. వద్దంటే ఒక పచ్చడిని కాదు, ఒక జిల్లానే వద్దన్నట్టు ఉంటుంది. తరతరాలుగా తమిళనాట ఉంటూ, పిల్లలు బడిలో తమిళము చదువుతూ ఉంటే, నాలుక మీద మిగిలిన తెలుగు ఇదే అనిపించడములో తప్పు లేదు. ఆవకాయలో ఉప్పు తగ్గించడమూ కుదరదు, ఉప్పు తగ్గితే బూజు పడుతుంది. కాబట్టి మేము చెప్పేది జాడీని పారవేయమని కాదు. అది పండుగ నాటికి, చుట్టాలు వచ్చిన నాటికి ఉండనివ్వండి. రోజూ పెరుగన్నములోకి వచ్చేటప్పుడే అది తెలుగుతనము కాక ఉప్పు మాత్రమే అవుతుంది. ఆతిథ్యము ఇచ్చేవారు కూడ "వద్దండి" అన్నవారిని రెండవసారి బలవంతపెట్టకపోవడము మర్యాదగా మనలో రావాలి.

కుండ మారితే ఫలితము ఉంటుందా అని అడిగేవారికి చీనా దేశపు రెండు సంగతులు. అక్కడ 600 గ్రామములలో సుమారు 21,000 మందిని అయిదేండ్ల పాటు గమనించారు. వారు పక్షవాతము వచ్చినవారు, లేదా 60 ఏండ్లు దాటి బి.పి. ఉన్నవారు. సగము గ్రామములలో మామూలు ఉప్పుకు బదులు పొటాషియము కలిపిన ఉప్పును ఇంటిల్లిపాదికీ సరిపడా ఇచ్చారు. 2021లో ప్రకటించిన ఫలితములో ఆ గ్రామములలో పక్షవాతము 14 శాతము తక్కువగా కనబడింది. రెండవది పంతుళ్లముగా మాకు మరింత ఇష్టమైనది. చాంగ్‌జీ పట్టణములోని 28 ప్రాథమిక పాఠశాలలలో సగము బడులలో పదేండ్ల పిల్లలకు ఉప్పును గూర్చి పాఠము చెప్పి, ఇంట్లో చెప్పమని పంపారు. ఆ ఇండ్లలోని పెద్దలు తినే ఉప్పు రోజుకు సుమారు 3 గ్రాములు తగ్గింది. ఇది 2015లో ప్రకటింపబడింది. మన సండే స్కూలు పిల్లలకు ప్యాకెట్టు మీద తేదీ వ్రాసే పని అప్పగించవచ్చును. తాతను మనుమరాలు అడిగినట్టు ఎవరూ అడుగలేరు.

తగ్గించడమే కాదు, చేర్చడము కూడ ఉన్నది. 1997లో అమెరికాలో ప్రకటించిన ఒక పరిశోధనలో ఉప్పు మార్చకుండ, కూరగాయలు, పండ్లు, కొవ్వు తక్కువైన పాలు పెరుగు ఎక్కువగా పెట్టగా, బి.పి. ఉన్నవారికి ఎనిమిది వారములలో పై అంకె 11 వరకు తగ్గింది. 2001లో ఉప్పు కూడ తగ్గించి చూస్తే ఇంకా దిగింది. మనకు ఇది ఖరీదైన పని కాదు. 1999లో మదురైలో మొదలైన ఉళవర్ సందై ఇప్పుడు కోయంబత్తూరులోనూ ఉన్నది. మునగాకు, తోటకూర, అరటి దూట, అరటిపండ్లు రైతు చేతి నుండే దొరుకుతాయి. ఉప్పు తగ్గిన చోట చింతపండో, నిమ్మరసమో, జీలకర్రో, వెల్లుల్లి పోపో ఉంటే నాలుక కొన్ని వారములలో సర్దుకొంటుంది. ఒక్కసారిగా కాక కొంచెము కొంచెముగా తగ్గించండి.

రెండు హెచ్చరికలు. పథ్యము చేస్తున్నాము, ప్రార్థన చేస్తున్నాము గనుక మాత్ర అక్కరలేదని ఎవరూ తమంతట తాము మానకూడదు, అది డాక్టరు చెప్పవలసిన మాట. పొటాషియము ఉప్పు మూత్రపిండముల జబ్బు ఉన్నవారికి, కొన్ని రకముల బి.పి. మాత్రలు వేసుకొనేవారికి ప్రమాదము. అడిగి వాడవలెను.

డిసెంబరు ప్రేమవిందుకు ఉప్పు తగ్గించి వండి, బల్లల మీద ఉప్పు గిన్నెలు పెట్టాలని మా పెద్దల కమిటీలో మాట వచ్చింది. స్త్రీల సమాజము వారు సరేనన్నారు. వంట మాస్టరు తమిళుడు. ఉప్పు లేని పదార్థము చెత్తకుప్పకే అనే తమ సామెత చెప్పి నవ్వాడు. పలావు అన్నములో సగము ఉప్పుకు చివరకు ఒప్పుకొన్నాడు. సాంబారు సంగతి ఇంకా మాటలలోనే ఉన్నది.